నాయనతో పట్టిమన్రం

చరిత్ర చదవాలని నిర్ణయించుకున్న సంవత్సరం, ఇంట్లో నాయనతో జరిగిన వాదనలో నేను గెలిచాను. ఆ తర్వాత కొన్ని వారాలపాటు ఆ ఇంట్లో నేను ఉన్నంత ఒంటరిగా ఇంకెక్కడా ఉండలేదు.

మాది తమిళనాడులో తిరువళ్ళూరు స్టేషను అవతల మణవాళనగర్. నాయన పట్టాభిరామ్‌లో ఒక లేత్ వర్క్‌షాపులో పనిచేస్తాడు. నేను అప్పుడు బి.కాం. చివరి సంవత్సరంలో ఉన్నాను. కాలేజీలో చేరిన నాటి నుంచీ అక్కడి పట్టిమన్రం జట్టులో మాట్లాడేదాన్ని. పట్టిమన్రం అంటే తమిళంలో జరిగే వాదపోటీ. రెండు పక్షాలు ఉంటాయి, మధ్యలో తీర్పు చెప్పే నడువర్ కూర్చుంటాడు. మాకు శిక్షణ ఇచ్చిన ఆచార్యుడు ముందుగా ఎదుటి పక్షం వాదనను వాళ్ళకంటే బలంగా తయారు చేయించేవాడు. అది న్యాయమైన పద్ధతి అని నాకు గట్టి నమ్మకం. ఆ నమ్మకం ఇప్పటికీ పోలేదు.

మా వాళ్ళు తెలుగు మాట్లాడతారు, కానీ చదవరు, రాయరు. రేషన్ కార్డు, కరెంటు బిల్లు, పెళ్ళి పత్రిక, అన్నీ తమిళంలోనే. బ్యాంకులో, బడిలో, తాలూకా ఆఫీసులో తమిళం మాట్లాడి, గడప దాటి లోపలికి రాగానే తెలుగులోకి వచ్చేస్తాం. పోట్లాడుకున్నా తెలుగులోనే పోట్లాడుకుంటాం. ఇంట్లో ఇంటి మనిషితో తమిళం మాట్లాడకూడదని ఎవరూ నియమం పెట్టలేదు. అలా మాట్లాడినవాళ్ళు లేరు కాబట్టి ఆ నియమం ఒకటి ఉన్నదని నాకూ తెలియలేదు.

ఒక ఆదివారం సాయంకాలం నాయన ఒక కరపత్రం తెచ్చి నా ముందు పెట్టాడు.

"బ్యాంకు పరీక్షలకి పట్టాభిరామ్‌లో కోచింగ్ ఇస్తా ఉండారంట. మా ఫోర్‌మేన్ కూతురు ఆడనే చేరింది. రేపు పోయి అడిగొద్దామా?"

"నేను చరిత్ర చదవాలనుకుంటా ఉండా నాయనా. ఎం.ఏ."

"హిస్టరీనా? అయిపోయినదాన్ని చదివేదానికి రెండేండ్లా?"

అమ్మ వంటింటి గడపలో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. "ఉండండి, ఇద్దరూ పట్టిమన్రం పెట్టుకోండి. నేను నడువర్‌ని. నాకు టీ పెట్టిచ్చినోళ్ళదే గెలుపు" అంది.

నాయన నవ్వాడు. నేనూ నవ్వి, సరదాకే లేచి నిలబడ్డాను. మొదటి మాటలు తెలుగులోనే వచ్చాయి. కాసేపటికి తమిళంలోకి మారిపోయాను. కారణం చెప్పి, దాన్ని ఖండించి, ముగింపుకు రావడం నేను నేర్చుకున్నది ఆ భాషలోనే. ముందుగా నాయన పక్షం వినిపించాను. ఉద్యోగం, భద్రత, చరిత్ర చదివినవాళ్ళకు దొరికే పనులెంత తక్కువో, అన్నీ ఆయన చెప్పగలిగినదానికంటే బాగా చెప్పాను. ఆ పైన ఒక్కొక్కటీ తీసి పక్కన పెట్టాను. మా సొంత ఊరి దగ్గరి తిరుత్తణి ఒకప్పుడు చిత్తూరు జిల్లాలో ఉండేదనీ, సరిహద్దు మారినప్పుడు ఊరు కదలకుండానే రాష్ట్రం మారిందనీ, తాత చదివిన తెలుగు అక్షరాలు ఆయన కొడుక్కు అందలేదనీ అన్నాను. ఇళ్ళ లోపల జరిగిన ఈ మార్పు గురించి మా పాఠ్యపుస్తకాల్లో ఒక్క వాక్యం లేదనీ, నేను చదవదలచింది దాన్నేననీ ముగించాను. ఎక్కడ ఆగాలో, ఎక్కడ చెయ్యి ఎత్తాలో నా ఒంటికి అలవాటే.

"తీర్పు పాపదే" అంది అమ్మ, నాయన ముఖం చూడకుండానే.

నాయన కరపత్రం మడిచి జేబులో పెట్టుకున్నాడు. గొంతు పెంచలేదు. "బాగా మాట్లాడినావు. సభలో మాట్లాడినట్టే ఉండింది. నీకేది కావాలో అది చెయ్" అన్నాడు. చెప్పులు వేసుకుంటూ మళ్ళీ అన్నాడు: "అరవంలో జవాబు చెప్పేది నాకూ వస్తాది మే. వర్క్‌షాపులో పొద్దస్తమానం అదే గదా. ఇంట్లో ఆ అవసరం ఇంతవరకూ రాలేదు."

ఆయన వీధిలోకి వెళ్ళిపోయాడు. టీ ఎవరూ పెట్టలేదు.

మాటల ప్రకారం చూస్తే నాకు అనుమతి దొరికినట్టే. పోటీలో ఎదుటివాళ్ళు జవాబు చెప్పకపోతే ఆ అంశం మనకు దక్కుతుంది. ఇంట్లో మాత్రం అది గాలిలో అలాగే వేలాడుతూ ఉండిపోయింది. నాయన అన్నం తిన్నావా అని అడిగేవాడు, బండి తాళం ఎక్కడని అడిగేవాడు. చదువు మాట ఎత్తేవాడు కాదు. నా వాదనలో తప్పెక్కడుందో ఎంత వెతికినా కనిపించలేదు. తప్పు లేదని ఇప్పటికీ అంటాను.

ఎం.ఏ. ఎక్కడ చేయాలన్న ఆలోచనంతా ఒక్కదాన్నే చేసుకున్నాను. చెన్నైలో అయితే కాలేజీకి రోజూ ఎక్కే రైలే సరిపోతుంది. తిరుపతిలో అయితే బయటి రాష్ట్రంవాళ్ళకు ఉండే కొద్ది సీట్లలో ఒకటి దొరకాలి, హాస్టల్లో ఉండాలి, అన్నిటికన్నా ముందు తెలుగు చదవడం రావాలి. నేను చదవదలచిన కాలానికి చెందిన కాగితాలు ఆ లిపిలోనే ఉంటాయి కాబట్టి తిరుపతే సరైనదని తేల్చుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి ఎవరున్నారు? రైల్లో మా జట్టువాళ్ళు పక్కనే కూర్చుని బ్యాంకు పరీక్ష లెక్కలు పోటీపడి చేస్తుంటే, నేను కిటికీవైపు జరిగి ఫోనులో అక్షరాలు దిద్దుకునేదాన్ని.

"హిస్టరీ చదివి ఏం చేస్తావు? మహాబలిపురంలో గొడుగు పట్టుకుని తెల్లోళ్ళని తిప్పుతావా?" అన్నాడొకడు తమిళంలో. వాడు మూడేళ్ళూ నా పక్షంలోనే వాదించినవాడు. అందరితో పాటు నేనూ నవ్వాను.

చివరికి తిరుత్తణి దగ్గర మా సొంత ఊరికి, అవ్వ దగ్గరికి వెళ్ళాను. అవ్వ నాయనకు తల్లి. పెదనాయన ఇంట్లో ఉంటుంది. ఆమెను నా పక్షానికి తిప్పుకోవాలన్నది నా ఆలోచన. ఆమె వసారాలో విత్తనానికి వేరుశనగ కాయలు ఒలుస్తోంది.

"రా మే. అరవంలో మీ నాయన్ని అదరగొట్టినావంటనే" అంది.

"నాయన చెప్పినాడా? కోపంగా ఉండాడా అవ్వా?"

"వానికి కోపం యాడిది? ఫోన్లో నవ్వినాడు. ఆ నవ్వే నాకు బాగలే." చేట నా వైపు జరిపింది. "ఒలుస్తా చెప్పు. ఆ పొద్దు చెప్పిందే చెప్పు. తెలుగులో చెప్పల్ల, నాకు అరవం సంతలో బేరానికే వస్తాది."

మొదలుపెట్టాను. కొద్దిసేపట్లోనే ఆగిపోయాను. సరిహద్దుకు తెలుగు మాట తెలియక "ఆ గీత" అన్నాను. వేదిక మీది వాక్యాలు లేకపోయేసరికి నేను కొట్టిపారేసిన నాయన పక్షం మళ్ళీ లేచి కూర్చుంది. నా పక్షాన రెండే మిగిలాయి. తాతకు వచ్చిన చదువు నాయనకు ఎందుకు రాలేదో తెలుసుకోవాలి. అది తెలుసుకోవడం నాకు ఇష్టం.

"అంతేనా?"

"అంతే అవ్వా."

"దానికా అంతసేపు నిలబడి మాట్లాడినావు?" ఒలిచిన గింజలు గుప్పెడు నా ఒళ్ళో పోసింది. "మీ తాత పేపరు చదివేవాడు, నిజమే. చదివి, ఆ పేపరోళ్ళనే తిట్టేవాడు. అంతకు మించి నాకేం తెల్దు మే. నీకు అర్థమైతే చదువుకో."

ఆమె ఏ పక్షానా చేరలేదు. సాయంత్రం రైలుకు బయలుదేరాను. పెట్టెలో జనం తక్కువ. అరక్కోణం దాటేదాకా అవ్వ ఇచ్చిన గింజలు ఒక్కొక్కటే తింటూ కూర్చున్నాను.

తిరువళ్ళూరు స్టేషను బయట నాయన బండితో నిలబడి ఉన్నాడు. ఊరినుంచి వచ్చినప్పుడల్లా వస్తాడు, చెప్పకపోయినా. దారి రద్దీగా ఉండటంతో ఇద్దరం నడిచాము. ఆయన బండి తోసుకుంటూ వచ్చాడు.

"నాయనా, ఆ పొద్దు చెప్పింది మళ్ళీ చెప్తా. తెలుగులో."

"వద్దులే. గెలిచినావు గదా."

"అది చాల్లేదు."

అవ్వకు చెప్పిన రెండు మాటలే చెప్పాను. నాయన ఎదురొచ్చిన ఆటోకు దారి ఇచ్చి, మళ్ళీ బండి తోశాడు.

"మీ తాత పేపరు చదివేటప్పుడు నన్ను పక్కన కూచోబెట్టుకునేవాడు" అన్నాడు చివరికి. "నేను బొమ్మలు చూసేవాణ్ణి. చదివేది నేర్పమని నేనడగలే. ఆయనా నేర్పలే. ఎందుకో..." బండి ఆపాడు. "దాన్నేనా నువ్వు చదవాలనేది?"

"దాన్నే. తిరుపతిలో."

"ఆడ నిన్ను అరవ పిల్ల అంటారు."

"అననీ. ఇక్కడ తెలుగుది అంటా ఉండారు గదా."

"ఆడ నీకెవురూ ఉండరు మే."

ఆ మాటను నేను ఖండించలేదు. "ఉండరు" అన్నాను.

ఆయన తల ఊపి బండి స్టార్ట్ చేశాడు. "ఎక్కు. మిగతాది చదివినాక చెప్పు. నాకు అర్థమయ్యేదాకా చెప్పల్ల, ఆఁ?"

ఇప్పుడు తిరుపతిలో ఉన్నాను. నాయన అన్నట్టే అయింది. నన్ను అరవ పిల్ల అనే పిలుస్తారు; అందులో ద్వేషమేమీ లేదు. తరగతిలో చర్చ జరిగేటప్పుడు నా తెలుగు వాక్యం పూర్తయ్యేసరికి మాట ఇంకొకరి చేతికి వెళ్ళిపోతుంది. పట్టిమన్రంలో నన్నెవరూ ఇలా దాటుకుని పోలేదు. నా చేతిరాత చిన్నపిల్లల రాతలా గుండ్రంగా, పెద్దగా ఉంటుంది. సెలవు రోజుల్లో హాస్టల్ గదిలో నేనొక్కదాన్నే మిగులుతాను. మిగతావాళ్ళ ఊళ్ళు దగ్గర.

ప్రతి ఆదివారం నాయనకు ఫోన్ చేసి ఆ వారం చదివినదాన్ని తెలుగులో చెబుతాను. తమిళ మాట నోటిదాకా వస్తే ఆగి, దానికి తెలుగు వెతుక్కుంటాను. దొరకనప్పుడు చుట్టూ తిరిగి చెబుతాను; సరిహద్దు మా ఇద్దరి మధ్యా ఇప్పటికీ "ఆ గీత"నే. ఆయన ఊఁ కొట్టడు. లైను తెగిపోయిందేమోనని అప్పుడప్పుడూ భయం వేస్తుంది.

"ఉండావా నాయనా?"

"ఉండా. ఆ గీత కాడ నిలిపినావు. చెప్పు."