పొద్దుమీకి రమ్మంటే

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో నాకు తెలుగు బాగా వచ్చన్న నమ్మకం గట్టిగా ఉండేది. తెనాలి నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్ లేడీస్ హాస్టల్లో దిగినదాన్ని, భాషంటే మాదే అనుకునేదాన్ని (మా వైపు వాళ్లకున్న జబ్బే అది). ఇంత పెద్ద ఊళ్లో నేనొక్కదాన్నే ఉండటం అమ్మకు సుతరామూ ఇష్టం లేదు. ఒక్కరోజు కోసం వచ్చి చూస్తానని, నచ్చకపోతే నన్ను సామాన్లతో సహా వెనక్కి తీసుకుపోతానని చెప్పింది. మాటల్లో అమ్మను గెలవడం నా వల్ల కాదు గనుక ఊరినే చూపిద్దామనుకున్నాను. ఎల్బీ నగర్‌లో తలెత్తి చూస్తే మెడ నొప్పి పుట్టే కొత్త టవర్ ఒకటి లేచింది. దాని పైన ఊరంతా కనిపించే అద్దాల గ్యాలరీ. నా రూమ్మేట్ నల్గొండక్క వాళ్ల చిన్నాయన (మా భాషలో బాబాయి) అక్కడ లిఫ్టు చూసుకునేవాడు. అమ్మ దిగిన రాత్రి, తనకు సూర్యాస్తమయం చూపించాలని ఫోన్లో అడిగితే, "దాందేముంది బిడ్డా, రేపు పొద్దుమీకి తోల్కరా మీ అమ్మను. గప్పుడైతే నా డ్యూటీనే" అన్నాడు.

పొద్దుమీకి అంటే పొద్దున్నే అని నాకు నేనే అర్థం చెప్పుకున్నాను. సాయంత్రం పైకి వెళ్లనివ్వరు కాబోలు, సూర్యుడు దిగినా ఎక్కినా ఎర్రగానే ఉంటాడు కదా అని సర్దుకున్నాను. పైగా సాయంత్రం అమ్మకు బస్సు. మర్నాడు చీకటితోనే అమ్మను లేపి ఆటో ఎక్కించాను. టవర్ గేటుకు తాళం. అమ్మ గేటు పక్కనున్న అరుగు మీద కూర్చుని, ఎదురుగా పోతున్న విజయవాడ బస్సులను ఆప్యాయంగా చూడసాగింది. ఆ చూపుకి నా సామాన్లు సగం సర్దేసినట్టే అనిపించింది. చిన్నాయనకు ఫోన్ చేస్తే నిద్రగొంతుతో, "పొద్దుమీకి అంటే పొద్దుగూకేటప్పుడు బిడ్డా. నువ్వేంది, గింత జల్ది ఒచ్చినవ్" అన్నాడు. స్పీకర్లో అంతా విన్న అమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వి, "తెలుగే అర్థం కాని ఊళ్లో ఎట్టా బతుకుతావే?" అంది. నాకు నిజంగానే ఏడుపొచ్చింది. అది చూసి కాబోలు, "సర్లే, బస్సు రేపైనా ఉంటుంది. పొద్దుమీకే వద్దాం" అంది.

ఆ సాయంత్రం పైన లిఫ్టు తలుపు తెరుచుకోగానే ఇద్దరం అద్దాల దగ్గరికి నడిచాం. ఇళ్లు, ఇళ్ల వెనక ఇళ్లు, వాటి మధ్య బొమ్మలా కదిలే మెట్రో, అవతల ఎక్కడో ఊరి అంచున దిగిపోతున్న సూర్యుడు. కింద దీపాలు వెలుగుతూ వెలుగుతూ మా వైపే వస్తున్నాయి. అంత పెద్ద ఊరిని చూస్తే భయమేసింది, ఆ భయం కూడా ఎంతో బాగుంది. అమ్మ అద్దానికి అరచెయ్యి ఆనించి, "మీ హాస్టల్ ఎక్కడే?" అంది. ఎంత వెతికినా కనిపించలేదు. ఇక అయిపోయిందనుకున్నాను. అమ్మ చాలాసేపు అలాగే చూసి, "ఇంత ఊళ్లో నిన్ను నేనెట్టాగూ వెతుక్కోలేను. నువ్వే రోజూ ఫోన్ చెయ్యి" అంది. అది ఉండమనడమేనని అర్థం కావడానికి నాకు కాసేపు పట్టింది (నా తెలుగు సంగతి తెలిసిందేగా).

ఇప్పటికీ చేస్తూనే ఉన్నాను. పనిలో ఉంటే "పొద్దుమీకి మాట్లాడతానమ్మా" అంటాను, తడుముకోకుండా. "ఏ పొద్దే?" అంటుంది అమ్మ, కొంగు నోటికడ్డం పెట్టుకున్న గొంతుతో. గేటు ముందు ఏడుపు మొహంతో నిలబడ్డ ఆ పిల్ల గుర్తొచ్చి నేనూ నవ్వుతాను.