మా పెద్దమ్మ కొలత

పెద్దమ్మ పోయిందని ఆఫీసుకి ఫోన్ వచ్చినప్పుడు నేను నమ్మలేదు. నెల కిందట తుంటి విరిగి ఆస్పత్రిలో చేరిన మాట నిజమే. కానీ యాభై ఏడేళ్ల మనిషి ఎముక విరిగితే చనిపోతుందా? ఫోన్లో తమ్ముణ్ణి రెండుసార్లు అడిగాను. "నాను పక్కనే ఉన్నానప్పా. ఊపిరితిత్తుల్లో నెమ్ము సేరిందంట. పొద్దున్న మాటాడింది. పదింటికి నేదు," అన్నాడు. ద్వారకా నగర్ నుంచి దువ్వాడ దాకా బస్సులో నిలబడే వచ్చాను. పక్కన సీటు ఖాళీగా ఉందని దిగాక గుర్తొచ్చింది.

పెద్దమ్మ అంటే మా అమ్మకి అప్ప, అదే అక్క. ఇంటి వరండాలో కుట్టుమిషను పెట్టుకుని ముప్పై ఏళ్లు ఆడవాళ్లకి జాకెట్లు కుట్టింది. కొలతకి ఆదిగా పాత జాకెట్టు పంపితే తిప్పి పంపేసేది. "మనిషి రావాల. ఊహించి కత్తెర ఎయ్యకూడదు," అనేది. పుస్తకంలో ప్రతి మనిషికీ ఒక పేజీ, ప్రతి క్రిస్మస్‌కీ కొత్త కొలతలు. నోట్లో గుండుసూదులు పెట్టుకునే మాట్లాడేది. ఆ మాటలు మాకు తప్ప ఎవరికీ అర్థమయ్యేవి కావు.

ఉక్కు ఫ్యాక్టరీ పనులు జోరుగా సాగుతున్న రోజుల్లో, ఒక డిసెంబరులో, అమ్మకి కొలతలు తీస్తూ ఆగిపోయింది. పాత పేజీలు తిప్పింది.

"ఏటే, నీ ముందు పొడుగు అంగుళం తగ్గింది."

"టేపు సాగిపోయుంటాదప్పా," అని అమ్మ నవ్వింది.

"టేపు సాగితే రెండేపులా తగ్గాల. మరి వెనక పెరిగిందేటి?"

ముందు తగ్గి వెనక పెరిగిందంటే వీపు వంగుతోందన్నమాట. ఆ మధ్యాహ్నం పెద్దమ్మ మిషను తొక్కలేదు. పుస్తకాలన్నీ ముందేసుకుని కూర్చుంది. అమ్మ ఈడు పక్కింటావిడ కొలత పదేళ్లుగా ఒక్కటే. మా పిన్నిది మాత్రం అమ్మదిలాగే మారింది. తగరపువలసలో ఉండే అమ్మమ్మ చివరి రోజుల్లో నేల చూస్తూ నడిచేది, ముసలితనం అనుకున్నాం. ముగ్గురికీ ముట్లు ఆగిన తర్వాతే మొదలైంది.

ఆ పుస్తకాలు సంచిలో వేసుకుని, నన్ను వెంటబెట్టుకుని పెద్దమ్మ ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లింది. ఆయన నవ్వుతాడేమోనని నేను సిగ్గుపడ్డాను. ఆయన నవ్వలేదు. ఒక్కో పేజీ చూశాడు.

"ముట్లు ఆగాక ఎముక పలచబడడం ఆడవాళ్లందరికీ ఉన్నదేనమ్మా. కానీ అసలు ఎముక ఎంత గట్టిగా తయారవుతుందన్నది చాలావరకు అమ్మానాన్నల నుంచే వస్తుంది. మీ ఇంట్లో మొదటే తక్కువ ఉన్నట్టుంది. అందుకే తొందరగా బయటపడుతోంది."

"అయితే ఈ పిల్లకీ వత్తాదా?" అని నన్ను చూపించింది.

"రావచ్చు, రాకపోవచ్చు. వయసులో ఉండగానే మంచి తిండి తిని, ఎండలో నడిస్తే కొంత మేలు."

అమ్మ ముక్కు, అమ్మ జుట్టు వచ్చాయంటే మురిసిపోయేదాన్ని. లోపలి ఎముక కూడా ఆవిడదే అయి ఉండొచ్చని ఎప్పుడూ తోచలేదు.

ఆ తర్వాత పెద్దమ్మ మమ్మల్ని వదల్లేదు. పొద్దున్నే చోడి అంబలి, అదే రాగి జావ, ముళ్లతో సహా నమిలే చిన్న చేపలు, ఆదివారం చర్చి నుంచి ఇంటిదాకా నడక. "బయపడమన నేదే, నడవమన్నాను," అనేది. "మరి నీ కొలతో పెద్దమ్మా?" అని ఒకసారి అడిగాను. "నాకెవులు కుడతారే?" అని మిషను తొక్కింది. అప్పుడే నేను టేపు అందుకోవలసింది. నవ్వేసి ఊరుకున్నాను.

పడిన రోజు ఆవిడ కాలు జారలేదు. మెట్టు తప్పలేదు. తీగ మీది దుప్పటి తీసి పక్కకి తిరిగింది, అంతే. ఎముకే ముందు విరిగి, ఆ తర్వాత మనిషి పడి ఉండొచ్చన్నాడు డాక్టరు. ఆ మాట నాకింకా మింగుడు పడలేదు.

శవపెట్టె చేసే వడ్రంగికి అమ్మ తమ్ముడు, మా మావయ్య, ఐదడుగుల రెండంగుళాలని చెప్పాడు. పెళ్లినాటి నుంచి ఆవిడ పొడుగు మాకందరికీ అదే. పడుకోబెట్టాక పాదాల దగ్గర బెత్తెడు ఖాళీ మిగిలింది. "సెప్పినట్టే సేసినానండీ," అని వడ్రంగి కంగారుపడ్డాడు. అమ్మ తన చీర ఒకటి మడతపెట్టి ఆ ఖాళీలో సర్దింది. అందర్నీ కొలిచిన మనిషిని మేమెవరమూ కొలవలేదు.

ఇది చదువుతున్న అక్కచెల్లెళ్లకి ఒక్కటే మాట. మీ ఇంట్లో పెద్దావిణ్ణి ఒకసారి గోడకి నిలబెట్టి కొలవండి. నాలో గట్టిగా ఏదైనా మిగిలితే అది పెద్దమ్మ నడిపించిన ఆదివారాల పుణ్యమే. ఆవిడకి థాంక్స్ అన్న మాట కూడా ఎన్నడూ చెప్పలేదు.

సమాధి అయిన వారానికి అమ్మకి ఎక్స్‌రే తీయించాం. ఎముకలు బాగా పలచబడ్డాయి, గట్టిగా దగ్గినా వెన్ను విరగొచ్చన్నారు. ఇప్పుడు మందులు వేసుకుంటోంది, రోజూ నాతో నడుస్తోంది.

నిన్న సాయంత్రం టీ తాగుతూ అమ్మ గట్టిగా తుమ్మింది. నాన్న, తమ్ముడు, నేను, ముగ్గురం ఒక్కసారి లేచి నిలబడ్డాం. అమ్మ మా మొహాలు చూసింది. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, రెండో తుమ్ము ఆపుకుంది.