పేరంటాలి గోడ

మలేసియాలోని బాగన్ దాతుక్‌లో కొబ్బరి తోటల చివరన ఉన్న ఆ ఇంటికి మూడు గోడలు నిరుడే కొత్తవయ్యాయి. పడమటి గోడ మాత్రం అలాగే ఉండిపోయింది. సముద్రం మీంచి వచ్చే వాన ముందుగా కొట్టేది దాన్నే. నిజానికి అన్నిటికంటే ముందు మార్చాల్సింది కూడా అదే. ఆ సంగతి కృష్ణకుమార్‌కి తెలియక కాదు. ఆయిల్ పామ్ మిల్లులో లారీ తోలినా, ప్లైవుడ్ పని అతని చేతికి అలవాటే. ఆ గోడ దగ్గరికి రంపం తీసుకెళ్లే ధైర్యం లేదు, అంతే.

ఎందుకంటే లోపలివైపు ఆ గోడ మీద సుమతి ఉంది. అతని భార్య. పసుపు కుంకాలతో పోయింది కాబట్టి పేరంటాలైందని అతని తల్లి కూర్మమ్మ ఆ ప్లైవుడ్ పలకకే పసుపు రాసి, బొట్లు పెట్టి, పక్కన దీపం గూడు కొట్టించింది. తాతలు ఓడెక్కినప్పుడు మూటల్లో ఇంకేం తెచ్చుకున్నారో గాని, ఈ పద్ధతి మాత్రం మరిచిపోకుండా తెచ్చుకున్నారు. ప్రతి శుక్రవారం కూర్మమ్మ చెంబుడు పసుపునీళ్లు ఆ గోడకి పోసేది.

సుమతి బతికున్నప్పుడు ఆ గోడ బాగోగులు ఆమెవే. దీపావళి వానలు రాకముందే పలకల అతుకులు వేలితో తడిమి, పగిలిన చోట లప్పం పెట్టి, అంచులకి రంగు పూసేది. ప్లైవుడ్ పాడవడం మొదలయ్యేది అంచుల దగ్గరే అనేది. ఈ పలక అడుగున ఉబ్బింది, మార్చమని ఆఖరి ఏడాదంతా మొగుణ్ణి పోరింది. ఈ వానలు పోనీ అన్నాడు అతను. వానలు పోకముందే ఆమె పోయింది. జ్వరమన్నారు, ఆసుపత్రన్నారు, చూస్తుండగానే అయిపోయింది. తను అన్న ఆ మాట కృష్ణకుమార్ గుండెలో ముల్లులా ఉండిపోయింది.

కొన్నాళ్లకి బొట్ల కింద నల్లగా తడి మరక లేచింది. కోడలు ఏడుస్తోందని కూర్మమ్మ తేల్చేసింది.

"నోరు తెరిచి అడిగింది సెయ్యనేదు గదా నాయనా. మనసులో ఎట్టుకుంది. మనమే సల్లబరచాల."

శుక్రవారం పోసే నీళ్లు రోజూ పోయడం మొదలుపెట్టింది. మరక పెరిగింది. అది చూసి ముసలమ్మ ఇంకో చెంబు పోసింది. మరక ఇంకా పెరిగింది.

ఏం జరుగుతోందో కృష్ణకుమార్‌కి తెలుసు. లోపల పోసే నీళ్లు పలక పొరల్లోకి దిగుతున్నాయి. బయట రంగు పూసే చెయ్యి లేక వాన కూడా తోడైంది. తల్లికి ఒక్క మాట చెబితే చాలు. కానీ నీ పూజే కోడలి గోడని తినేస్తోందని ఆ ముసలిదానితో ఏ నోటితో అంటాడు? పైగా సుమతి నిజంగానే ఏడుస్తోందేమోనని అతనికీ మనసులో ఓ మూల ఉండేది. ఏడ్చిందంటే తప్పు తనదేగాని ఆమెది కాదనుకునేవాడు.

చివరికి ఒకరోజు బొట్టు పెట్టబోతే కూర్మమ్మ వేలు గోడలోకి దిగిపోయింది. ఆ పూట ఆమె అన్నం ముట్టలేదు.

పక్కింటి కోగిలన్ వచ్చి చూశాడు. "అన్నా, కింద సగం కోసేసి కొత్త ముక్క అతికిద్దాం. పైన బొట్లు అలాగే ఉంటాయి."

ఆ మాటకి కృష్ణకుమార్ ప్రాణం లేచొచ్చింది. తల్లికి ఏమీ చెప్పక్కర్లేదు. ఆదివారం పొద్దున్నే తల్లి మంచాన్ని గది మధ్యకి జరిపి, బయటినుంచి మేకులు పీకడం మొదలుపెట్టారు. కోసిన పలక తడిసిన కాగితాల్లా పొరలు పొరలుగా చేతికొచ్చింది. వెనక ఉన్న కర్ర స్తంభాన్ని కృష్ణకుమార్ స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూశాడు. పిడిదాకా దిగిపోయింది. ఇంటికప్పు బరువు ఆ స్తంభం మీదే ఉంది. దాన్ని మార్చాలంటే పలక మొత్తం ఊడదీయాల్సిందే, బొట్లతో సహా.

మంచం మీదనుంచి కూర్మమ్మ అంతా చూస్తోంది. "నాను పేరంటాల్ని సరిగ్గా కొలవనేదురా," అంటూ లేచి చెంబు అందుకుంది.

"ఒద్దమ్మా," అన్నాడు కృష్ణకుమార్. లోపలికొచ్చి చెంబుకి చెయ్యి అడ్డంపెట్టాడు. "ఆ నీళ్లే దీన్ని తినేసినాయి."

"ఏటంటున్నావు?"

"ఆ మరక నువ్వు పోసిన నీళ్లదే. వానది కూడా. నాను నీకు సెప్పనేకపోయినాను."

ఆమె చెంబులోకి చూసింది. "అయితే సుమతి ఏడవనేదా?"

"ఏడవనేదమ్మా. దానికి మన మీద కోపం నేదు."

తల్లి గుండె బాదుకుంటుందనుకున్నాడు, లేకపోతే ఊపిరి పీల్చుకుంటుందనుకున్నాడు. ఆమె రెండూ చేయలేదు. చెంబు కింద పెట్టి మంచం మీద కూలబడింది.

"ఏడుస్తుంది గదా, ఇంట్లోనే ఉందనుకున్నాను నాయనా," అంది. "కోపంతోనైనా ఉంది గదా అనుకున్నాను."

కృష్ణకుమార్ బొట్లు మిగిలిన పై పలక పక్కనే చతికిలబడ్డాడు. ఇన్నాళ్లూ తను కూడా ఆ ఆశతోనే ఈ గోడ జోలికి రాలేదని అప్పుడు తెలిసింది. కోగిలన్ బయటినుంచి ఆ పై పలక కూడా ఊడదీద్దాం రమ్మని పిలుస్తూనే ఉన్నాడు, అతను లేవలేదు.