ఇంటికి వంకలు పెట్టిన మామ

మా కాలంలో ఇల్లు కొనడానికి పోయేవాళ్లు డబ్బుకంటే ముందు ఏడుపు మొహం సిద్ధం చేసుకునేవాళ్లు. నచ్చినట్టు కనబడితే ధర పెరిగిపోతుందని భయం. ఈ విద్యలో మా మామను (మా ఆయన తండ్రి, నోరు తెరిస్తే వంకే) మించినవాళ్లు పుంగనూరులో లేరు. ఆ రోజుల్లో మాది అద్దె ఇల్లు. నేను కొత్త కోడలిని. బావిలో చేద వేసినప్పుడల్లా ఇంటావిడ "మెల్లిగమ్మా, మా బాయి అరిగిపోతాది" అనేది. సొంత బావి ఉన్న ఇల్లొకటి దొరికితే చాలని నేను మొక్కని దేవుడు లేడు.

మదనపల్లెలో అత్తరు సాయిబు ఇల్లు అమ్మి, కుప్పంలో కూతురి దగ్గరికి పోతున్నాడని తెలిసి బండి కట్టాం. దారి పొడుగునా మామ మాకు పాఠం చెప్పాడు. "ఏం సూసినా మూతి తిప్పండి. నగితే సచ్చినారే!" తీరా చూస్తే పెరట్లో బావి, వంటింటికి కిటికీ! ఆ మూతి తిప్పడానికి నేను పడిన అవస్థ తర్వాత కాన్పుల్లో కూడా పడలేదు.

మామ మొదలుపెట్టాడు. వాకిలి పొట్టి. దూలానికి చెదలు. మిద్దె కారుతుంది. బావి నీళ్లు నోట పోసుకుని, తుపుక్కున ఉమ్మి, "ఉప్పు!" అన్నాడు. సాయిబు ఒక్కో వంకకూ తల ఊపుతూ విని, చివరికి కళ్లు తుడుచుకున్నాడు.

"తౌబా! ఇన్నేండ్లూ నాకు తెలీకపాయ గదన్నా. ఇట్లాంటి కొంపను నీలాంటి పెద్దమనిషికి అంటగడితే అల్లా నన్ను ఇడిసిపెట్టడు. నేనమ్మను."

మామకు చెమట పట్టింది. "ఉప్పంటే... మరీ అంత ఉప్పు కాదులే సాయిబూ" అని ఇంకో గుక్క తాగాడు. "పానకం మాదిరి ఉండాది!" పొట్టి వాకిలయితే వచ్చినవాడు తల వంచుకుని వస్తాడన్నాడు. దూలం ఉక్కన్నాడు. మిద్దె మనవళ్ల కాలానికీ చెక్కు చెదరదన్నాడు. వినేకొద్దీ సాయిబు మొహం వెలిగిపోయింది. తన ఇంటిని తానే కొత్తగా కలయజూసి, లోపలికి కేకేశాడు.

"ఏమే, మూటలిప్పు! ఇంత బంగారట్లాంటి ఇల్లిడిసి యాడికి పోతాం? బిడ్డనే ఈడికి రమ్మందాం!"

తిరుగు దారిలో మామ మళ్లీ మూతి తిప్పాడు. "ఏమైనా, ఆ ఇంటి ముందర ఈది ఇరుకు."

ఆ తర్వాత కూడా సోమల నుంచీ వాయల్పాడు నుంచీ జనం ఇల్లు కొనే మెలకువలు అడగడానికి ఆయన దగ్గరికే వచ్చేవాళ్లు. అద్దె ఇంటి అరుగుమీద కూర్చుని చెప్పేవాడు.

ఇప్పుడు పిల్లలు ఇల్లు కొంటూ నన్ను సలహా అడిగితే, "నచ్చితే నచ్చిందని చెప్పేయండమ్మా" అంటాను. ముసలిదానికి బేరం తెలీదని నవ్వుకుంటారు. నిజమే. నాకు తెలిసిందల్లా బేరం తెలిసినవాళ్లతో కాపురమే.