ఒంటికొమ్ము నందితో హుజూర్‌నగర్ ప్రయాణం

ముందే చెప్పేస్తున్నాను: నేను నలుగురిని చూస్తే నలభై మందని రాస్తాను. ఈ దారిన వెళ్లదలచినవాళ్లు నా లెక్కలను పదితో భాగించుకుంటే క్షేమంగా చేరతారు.

హుజూర్‌నగర్‌లో మా అక్క కొత్త ఇల్లు కట్టింది. తెల్లవారితే గృహప్రవేశం. "చీర వద్దు, గీర వద్దు. నల్లగొండ కాడ మ్యూజియంల నంది బొమ్మ అమ్ముతరట, అది తే. నందిని పట్టుకునే గడప దాటుత" అని కబురు పంపింది. అక్క మాటంటే మాటే. నంది రాకపోతే ముహూర్తం కూడా గడప బయటే నిలబడాలి.

పొద్దున ఆరింటికి గౌలిగూడ బస్టాండులో ఎర్ర బస్సెక్కాను. యాభై సీట్ల బస్సులో ఐదువందల మందిమి. నల్లగొండలో దిగి, రెండు ఇడ్లీలు మింగి, రిక్షాలో మ్యూజియం చేరాను. ద్వారం పక్కనే బొమ్మల కొట్టు. లోపల అడుగుపెట్టి చుట్టూ చూశాను. ముక్కు లేని బుద్ధుడు, చేతుల్లేని ద్వారపాలకుడు, తల లేని నర్తకి! అది కొట్టు కాదు, ఎముకల దవాఖాన.

నంది మాత్రం ఎంత ముద్దుగా ఉందో! మూపురం, మెడలో గంటలు, మూతి మీద నాలుక. కుడి కొమ్ము మాత్రం లేదు.

"విరగనిది ఇవ్వండి" అన్నాను.

"లోపల రాతినందికే కొమ్ము లేదు సార్. అసలుకు తేడా రావొద్దని అన్నీ గట్లనే అచ్చు పోస్తరు. నిండుది కావాలంటే మీరు వెయ్యేండ్ల కింద రావాలె" అన్నాడు కొట్టాయన.

భిన్నమైన విగ్రహాన్ని కొత్త ఇంట్లోకి ఎవరు రానిస్తారు? అలాగని వట్టి చేతులతో వెళ్లేదెలా? కొన్నాను.

మధ్యాహ్నం హుజూర్‌నగర్ బస్సులో నందిని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. పక్కనున్న అవ్వ చూసి లబలబలాడింది.

"అయ్యో, కుదుపుకు ఇరిగిందా బిడ్డా?"

"లేదవ్వా, కొత్తదే ఇట్లుంది."

"ఇరిగినదాన్ని పైసలిచ్చి కొన్నవా! నీ పెండ్లాం నిన్నొక్కన్నే ఎట్ల తోలిందయ్యా?"

బస్సంతా నవ్వింది. ముందు సీటాయన మాత్రం నవ్వలేదు, వెనక్కి తిరిగి నందిని చేతిలోకి తీసుకున్నాడు. పేరు ఖాజా, మిర్యాలగూడలో లక్కగాజులు చేస్తాడట. అక్క గృహప్రవేశం సంగతి చెప్పుకున్నాను.

"ఫికర్ చెయ్యకు సాబ్. బస్సు మా తాన జరసేపు ఆగుతది. దుకాణం స్టాండుకు ఎదురుంగనే."

మిర్యాలగూడలో దిగి పరుగెత్తాం. వెనకే బస్సంతా దిగింది. ఖాజాభాయ్ నిప్పుల మీద ఎర్రలక్క కరిగించి, ముద్దచేసి, వేళ్లతో సాగదీసి, చిటికెలో కొమ్ము నిలబెట్టాడు. డ్రైవర్ హారన్ మీద నుంచి చెయ్యి తీయలేదు, నేను కొమ్ము మీద నుంచి కన్ను తీయలేదు. ఆఖర్న ఆయన రెండు అద్దం ముక్కలు కూడా పొదిగాడు.

"గవెందుకు ఖాజాభాయ్?"

"వట్టిగ ఇడిస్తే మా చెయ్యి ఊకోదు సాబ్."

తెల్లవారి అక్క నందిని పట్టుకుని గడప దాటింది. వెయ్యిమంది చుట్టాల్లో ఒక్కరు కూడా అతుకు కనిపెట్టలేదు. అక్క అసలే కనిపెట్టలేదు.

తిరుగు ప్రయాణంలో బస్సు మిర్యాలగూడలో ఆగగానే, "అక్క పంపింది" అంటూ పోలెల డబ్బా, అదే బొబ్బట్ల డబ్బా, ఖాజాభాయ్ చేతిలో పెట్టాను.

"అక్క గుర్తు పట్టలేదు గద?"

"అస్సలు లేదు" అన్నాను.

ఆయన మూత తీసి వాసన చూశాడు. "మరి గీ పోలెలు నాకెందుకు పంపింది సాబ్?"

దొరికిపోయాను. ఐదువందల మంది బస్సూ, వెయ్యిమంది చుట్టాలూ నిజమే, కావాలంటే పదితో భాగించుకోండి. అక్క కనిపెట్టలేదన్నదొక్కటే నా కల్పన. గడప ముందే ఎర్రకొమ్మును బొటనవేలితో తడిమి, కళ్లు తుడుచుకుని, నా నెత్తిన ఒక్కటి మొట్టింది:

"ఇంత పని చేసినాయనను బువ్వకు పిలవకుంట వచ్చినవారా?"