తీసేసిన రెండు ఫైళ్ళు

“మూడూ ఒకే పాట. కడాకు దిగింది పెట్టుకొని పాతవి రెండూ తీసేసినాను. తప్పేముండాది?”

“అయ్యో అత్తా! పొద్దున్నే ముక్కాలు దిగింది ఆ పాతదాంట్లోనే. నువ్వు పెట్టుకున్న దాంట్లో సగం కూడా లేదు.”

“కొత్త కార్డిస్తే పాత కార్డు చించేస్తారు కదమ్మే?”

“ఇది రేషన్ కార్డా!”

2004లో తిరుపతిలో మా నెట్ సెంటర్లో, సాయంత్రం ఆరు గంటలప్పుడు నాకూ మా కోడలు సుజాతకూ మధ్య జరిగిన మాటలివి. సెంటర్ నాది, చదువు సుజాతది. నేను మూడో తరగతితో మానేసిన దాన్ని. ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటే పోల్చుకుని కొట్టగలను, అంతే.

మా ఇద్దరి మధ్య కుర్చీలో ఆ పాట కావలసిన మనిషి కూర్చుని ఉన్నాడు. హరికథలు చెప్పే మునిరత్నం భాగవతారు. వడమాలపేట దగ్గర ఒక పల్లెలో రోజుకో కథ చొప్పున భారతం ఉత్సవం జరుగుతోంది. మర్నాడు మధ్యాహ్నం ఆయన యక్షప్రశ్నల కథ చెప్పాలి. ఏటా ఆ రోజు కథ ఆయన గురువే చెప్పేవాడట. గురువు పోయాడు. ఈయనకు ఆ ఒక్క కథే నేర్పలేదు. గురువు చెప్పిన ఆ కథ పాత టేపు రికార్డింగును ఆయన కూతురు ఒక వెబ్‌సైట్లో పెట్టింది. మేం పాట అంటున్నది దాన్నే. అది మా దగ్గర దింపుకోవాలని పొద్దున తొమ్మిదికే వచ్చాడు.

పెద్ద పాటల్ని సుజాత బొమ్మల్లేని నల్ల తెర మీద దింపేది. దాని పేరు కమాండ్ లైన్. మౌసుతో పని లేదు, చెప్పాల్సింది ఒక వరుసగా రాసి ఎంటర్ కొట్టాలి. ఆ వరుసలో చేర్చే మాటల్ని ఆప్షన్లంటారు. లిమిట్ రేట్ అనేది కొళాయి సగం కట్టేసినట్టు. మిగిలిన మూడు సిస్టమ్‌లకూ లైను అందాలని నేనే పట్టుబట్టి పెట్టించాను. ఇంకొకటి చిన్న గీత, దాని పక్కన సి అక్షరం. ఆగిన చోటి నుంచి మళ్ళీ మొదలుపెట్టమని దానర్థం.

ఇది నాకు తర్వాత తెలిసింది. సుజాత మధ్యాహ్నం వాళ్ళమ్మను ఆస్పత్రిలో చూపించడానికి పోతూ ఆ వరుస చీటీ మీద రాసిచ్చింది. భోజనానికి షట్టర్ దించితే సిస్టమ్‌లన్నీ ఆపేయడం నా పద్ధతి. ఆ రోజూ ఆపేశాను, పాట ముక్కాలు దగ్గరే ఆగిపోయింది. రెండింటికి వచ్చి చీటీ చూసి కొట్టాను. అంత పొడుగు వరుసలో ఒంటి సి అక్షరం ఏం పొడుస్తుందిలే అని దాన్ని వదిలేశాను.

పాట మొదటి నుంచి దిగడం మొదలైంది. ఫైలు పేరు చివర ఒకటి అంకె చేరింది. మూడింటికి కరెంటు పోయింది. వచ్చాక మళ్ళీ కొట్టాను, ఈసారి చివర రెండు అంకె చేరింది. ఐదింటికి వానకు టెలిఫోను లైనే పోయింది. చూస్తే ఒకే పాట మూడుసార్లు. ఎందుకు మూడైందో తెలియలేదు, చోటు దండగని మాత్రం తెలిసింది. మళ్ళీ దొరక్కుండా తీసేయడం సుజాతే నాకు నేర్పింది.

“మీరేం చేసినారో నాకు అర్థం కాలేదమ్మా,” అన్నాడు భాగవతారు. “రేపు నేను గజ్జె కట్టాల్నా, వద్దా?”

“నాకూ అర్థం కాలేదు సామీ. పొద్దున ఆరుకు రాండి.”

“తొమ్మిదికి కదమ్మా మీరు తీసేది?”

“ఆరుకు రమ్మంటా ఉండాను కదా!”

ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ నల్ల తెర నాకు పూర్తిగా బోధపడలేదు. తెలియనిదాన్ని దండగ అనుకోకూడదని మాత్రం ఆ రోజు తెలిసింది.

మర్నాడు ఆరింటికి షట్టర్ తీశాను. లైను వచ్చింది. మిగిలిన మూడు సిస్టమ్‌లూ ఆన్ చేయలేదు. వేగం కట్టేయకుండా వదలమన్నాను. నేను తీసేయకుండా ఉంచిన ముక్క ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే సుజాత సి అక్షరం చేర్చి మొదలుపెట్టింది. ఎనిమిదికి పాట పూర్తిగా దిగింది. భాగవతారు హెడ్‌ఫోన్ పెట్టుకుని గంటన్నర కదలకుండా విన్నాడు. రికార్డింగులో ఒకచోట గురువు దగ్గాడట, అక్కడ మాత్రం నవ్వాడు. సుజాత పాట ఎక్కించి ఇచ్చిన సీడీ సంచిలో వేసుకుని పదింటి బస్సెక్కాడు.