సీటు కవరూ, మా బావమరిది డైలాగూ

నాకు చాదస్తం ఎక్కువని మా ఆవిడ అంటుంది. నేను ఒప్పుకోను. పాతికేళ్లుగా జూబ్లీ హిల్స్‌లో ఒక ఆర్కిటెక్ట్ ఆఫీసులో ప్లాన్లు గీస్తున్నవాణ్ణి. గీత పక్కకి జరిగితే గోడ వంకరపోతుందని తెలిసినవాణ్ణి. నా మోటార్ సైకిల్ సీటు మీద అడ్డగీతలు పదహారు ఉండాలంటే పదహారే ఉండాలి. పదిహేనుంటే నాకు అన్నం సహించదు. ఇందులో చాదస్తం ఏముందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఆ బండి నాకంటే రెండేళ్లు పెద్దది. ఆరేళ్ల కింద తుప్పు పట్టిన ఇనప సామానుగా కొన్నాను. ఇంజను, ట్యాంకు, మీటరు, హారను ఒక్కొక్కటే పాత రూపానికి తెచ్చుకున్నాను. మిగిలింది సీటు ఒక్కటే. నల్ల రెక్సిన్, అంచు కుట్టు చుట్టూ తెల్ల పైపింగు, వెనక కూర్చున్నవాళ్లు పట్టుకోవడానికి నడుమ ఒక పట్టీ. ఎడమ పక్క జానెడు చిరుగు, అందులోంచి బయటికొచ్చిన కొబ్బరి పీచు. చిరుగు పక్కనే ఎవడో మహానుభావుడు సైకిల్ ట్యూబు ముక్క అతికించి చేతులు దులుపుకున్నాడు. పట్టుపంచె కట్టుకుని తెగిన చెప్పులేసుకున్నట్టుందని మా ఆవిడ అనేది. ఆ మాటకి మాత్రం నేనూ ఒప్పుకున్నాను.

అచ్చం కంపెనీ కవరులా ఉండేదాని కోసం మూడు నెలలు తిరిగాను. ఇంటర్నెట్‌లో తెప్పించింది విప్పి చూస్తే బాత్‌రూమ్ కర్టెన్‌లా తళతళలాడింది. రాణిగంజ్‌లో చూపించిన దాని మీద పన్నెండే గీతలు. "పన్నెండైతే ఏంటండీ, కూర్చుంటే కనపడవు కదా" అన్నాడు షాపువాడు. అతనితో ఎంతసేపు పోట్లాడానో చెప్తే బాగుండదు.

ఈ తిరుగుళ్లన్నిటికీ వెనక సీటు మీద మా బావమరిది ఉండేవాడు. మా ఆవిడకి తమ్ముడు. నటుడవుతానని ఇరవై ఏళ్ల కింద తెనాలి నుంచి వచ్చి, ఫిల్మ్ నగర్‌లో మా వీధిలోనే గది తీసుకుని, జూనియర్ ఆర్టిస్టుగా మిగిలాడు. పెళ్లి సీనులో మూడో వరస, కోర్టు సీనులో తలూపే జనం, సంతలో వెనకాల బేరమాడే మనిషి. ఇరవై ఏళ్లలో తెర మీద వాడి నోట ఒక్క మాట రాలేదు. "నిన్ను కనిపెట్టాలంటే టికెట్‌తో పాటు భూతద్దం కూడా ఇవ్వాలిరా" అనేవాణ్ణి. వాడు నవ్వేసి ఇంకో ఇడ్లీ వేయించుకునేవాడు.

చివరికి రెక్సిన్ దొరికింది వాడివల్లే. ఒకరోజు మధ్యాహ్నం ఆఫీసుకి ఫోన్ చేసి, "బావా, ఉన్నపళంగా రా" అన్నాడు. వెళ్లి చూస్తే అది సినిమాలకి సామాన్లు అద్దెకిచ్చే షెడ్డు. పల్లకీలూ సింహాసనాలూ దాటుకుంటూ వెళ్తే మూలన దుమ్ములో ఒక రెక్సిన్ చుట్ట. ఎప్పుడో ఏదో సెట్లో సోఫాలకి తెచ్చి మిగిలిపోయిందట. తడి గుడ్డతో తుడిచి, జేబులోంచి భూతద్దం తీసి చూశాను. అదే నలుపు, అదే గరుకు! అచ్చుగుద్దినట్టు నా సీటు రెక్సినే. ఆనందం పట్టలేక వాణ్ణి కావలించుకున్నాను. నేను అలాంటి పనులు చేసే మనిషిని కాను, వాడు బిత్తరపోయాడు.

ఎర్రగడ్డలో సీట్లు కుట్టే పెద్దాయన ఉన్నాడు. రెక్సిన్ చూసి కళ్లు పెద్దవి చేశాడు. "గిది ఇప్పుడు దొరుకుతదా సారూ! గీతలకు అచ్చు చేపిచ్చి, ఏడి చేసి ఒత్తాలె. పదిహేను దినాలు పడ్తది. అచ్చు అయినంక ఫోన్ చేస్త, అప్పుడు సీటు తీస్కరా" అన్నాడు. పాత కవరు విప్పి, దాన్ని కొలతగా పెట్టుకునే కొత్తది కత్తిరించాలట.

ఆ పదిహేను రోజుల్లోనే మా ఇంట్లో ఇంకో సంబరం వచ్చింది. పాతకాలం కథతో తీస్తున్న సినిమాకి పాత బండి కావాలంటే మావాడు నా బండి తీసుకెళ్లి చూపించాడు. డైరెక్టర్ బండి చూసి ముచ్చటపడి, "తెచ్చినాయన్నే నడపమనండి, ఆ మాట కూడా ఆయనతోనే అనిపించేద్దాం" అన్నాడట. కథానాయకుడు ఊరొదిలి నడిచి వెళ్తుంటాడు. బండి మీద ఒక పెద్దమనిషి వచ్చి ఆగి అంటాడు: "ఎక్కు బాబూ, నేనూ అటే వెళ్తున్నా."

ఐదు మాటలు. ఆ ఐదు మాటలతో మా ఇల్లు మార్మోగిపోయింది. మావాడు గ్యాస్ పొయ్యితో అన్నాడు, పాలవాడితో అన్నాడు, మెట్ల మీద పడుకున్న కుక్కతో అన్నాడు. జాలిగా ఒకసారి, గంభీరంగా ఒకసారి. "ఒరేయ్, ఆ బాబు ఎక్కేస్తాడురా, ఇక వదిలెయ్యి" అని నేను కసిరితే, మా ఆవిడ నా మీదికి గరిటెత్తింది.

షూటింగ్ జూబ్లీ హిల్స్‌లోనే, ఒక పాత బంగళా పక్క సందులో. ఆ సందుని పాతకాలపు ఊరి వీధి చేసేశారు. మావాడు పంచె, కోటు, అతికించిన మీసంతో సందు చివర్నుంచి వచ్చి హీరో పక్కన బండి ఆపాడు. అంతవరకూ తీశారు. మాట దగ్గరికొచ్చేసరికి మబ్బు పట్టి లైట్ పోయింది. మిగతాది మళ్లీ పది రోజుల్లో అన్నారు.

మూడో రోజు ఎర్రగడ్డ నుంచి ఫోన్. సీటు పట్టుకుని పరిగెత్తాను. మర్నాడు బిగించుకొచ్చాను. ఏం చెప్పను! పదహారు గీతలు, పాలలాంటి పైపింగు, వేలు పెట్టి నొక్కితే కొత్త పుస్తకం వాసన. బండిని ఇంటిముందు నిలబెట్టి వీధిలో అందర్నీ పిలిచాను. మా ఆవిడ హారతి పళ్లెం తెస్తానని వెక్కిరించినా పట్టించుకోలేదు.

మా బావమరిది వచ్చాడు. బండి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. సీటు మీద చెయ్యి వేసి నిమిరాడు. "బ్రహ్మాండంగా ఉంది బావా. కంపెనీ నుంచి ఇప్పుడే దిగినట్టుంది" అన్నాడు. పని ఉందని, వేసిన పెసరట్టు కూడా తినకుండా వెళ్లిపోయాడు. నేను గీతలు లెక్కపెట్టుకునే హడావుడిలో ఉన్నాను, అదేమీ నా బుర్రకెక్కలేదు.

ఐదు రోజుల తర్వాత ఒక సాయంత్రం ప్రొడక్షన్ మేనేజర్ ఫోన్ చేశాడు. రేపు పొద్దున్న ఏడింటికి బండి కావాలన్నాడు.

"తప్పకుండా పంపిస్తానండీ. ఈసారి చూస్తే మీరే గుర్తుపట్టరు, సీటు కొత్తగా కుట్టించాను" అన్నాను గర్వంగా.

"సీటు మార్చేశారా! కొంప ముంచారు కదండీ! బండి వచ్చినప్పుడు చిరిగిన సీటు, ఆగి మాట్లాడితే కొత్త సీటా? కంటిన్యుటీ పోతుంది. డైరెక్టర్ గారు చూస్తే ఆ ముక్క లేపేస్తారు. హీరో నడిచే వెళ్లిపోతాడు" అన్నాడు.

"మరి మావాడి మాట?"

"బండే లేకపోతే మాటెక్కడిదండీ."

ఫోన్ పెట్టేసి చూస్తే మా ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంది. "వాడికి తెలుసండీ. సీటు చూసిన రోజే చెప్పాడు నాతో. మీకు చెప్తే జన్మలో నాతో మాట్లాడనని బెదిరించి ఒట్టు వేయించుకున్నాడు" అంది.

ముందు కోపం వచ్చింది. నోరు తెరిచి ఒక్క ముక్క చెప్తే ఏం పోయిందిరా వెధవా అనుకున్నాను. ఆ వెంటనే సిగ్గేసింది. ఇరవై ఏళ్లు జనంలో నిలబడ్డవాడు. సీటు చూడగానే తన మాట పోయిందని తెలిసి కూడా, బ్రహ్మాండంగా ఉందని నాతో అన్నాడు. వాణ్ణి నేనెన్ని మాటలన్నానో అన్నీ వరసగా గుర్తొచ్చాయి.

టైము ఆరున్నర. బండి తీసి ఎర్రగడ్డకి ఎలా వెళ్లానో నాకే తెలియదు. అక్కడ ట్రాఫిక్‌లో నేను కొట్టిన కొట్టుడికి ఆ పాత హారను గొంతు బొంగురుపోయింది.

పెద్దాయన షట్టర్ సగం దించుతున్నాడు. పాత కవరు గోడకి మేకున వేలాడుతోంది. కవరు కాదు, కుట్లు విప్పేసి సుద్దతో నంబర్లు వేసిన ఐదు ముక్కలు. ఇంకెవరైనా అలాంటి సీటుకి వస్తే కొలతకి ఉంటాయని దాచుకున్నాడట.

"ఆ పాతది మళ్లీ కుట్టి వెయ్యాలి. రేపు పొద్దున్నకి" అన్నాను.

ఆయన నన్ను కింద నుంచి పైదాకా చూశాడు. "ఇన్ని దినాల సంది ఒరిజినల్ ఒరిజినల్ అని నా పానం తిన్నవ్. మంచిగ కుట్టిస్తిని. గిప్పుడు చింపిరిది గావాల్నా? నీకేమన్న అయిందా సారూ?"

విషయం చెప్పాను.

"బామ్మర్దికా? మొదటి డైలాగా?" ఆయన షట్టర్ మళ్లీ పైకి లేపాడు. "గట్ల చెప్పాలె గదా ముందుగాల! ఫికర్ చెయ్యకు, జర కూసో."

పాత సూది రంధ్రాల్లోంచే మళ్లీ దారం పోనిచ్చి కుట్టాడు. అప్పుడు గుర్తొచ్చింది, ట్యూబు ముక్క లేదు! విప్పేటప్పుడు ఊడితే పారేశాడట. నా చేతి సంచిలో నోటు పుస్తకం ఉంది. కొత్త కవరు వేటలో పాత సీటుని అంగుళం అంగుళం కొలిచి బొమ్మ గీసుకున్న పుస్తకం. చిరుగు పొడవెంత, పైపింగుకి ట్యూబు ముక్క ఎంత దూరం, ఏ మూల కొంచెం లేచింది, అన్నీ ఉన్నాయి. పక్కన పంక్చర్ షాపులో ట్యూబు ముక్క అడిగి తెచ్చి, బొమ్మ ప్రకారం కత్తిరించి నేనే అతికించాను. చిరుగులోంచి పీచు కూడా నేనే లాగాను. పెద్దాయన నడుము మీద చేతులు పెట్టుకుని నవ్వుతూ చూస్తున్నాడు. నాకైతే ఒళ్లంతా ఒకటే హుషారు. కొత్త కవరు బిగించిన రోజు కూడా అంత ఆనందం కలగలేదు.

పాత సీటే వస్తుందని మేనేజర్‌కి రాత్రే ఫోన్ చేసి చెప్పి, పొద్దున్న ఏడింటికి బండి సందులో పెట్టాను. అసిస్టెంట్ డైరెక్టర్‌గా ఉన్న అమ్మాయి ఫోన్లో పాత ఫోటో పెట్టుకుని సీటు మీదికి వంగింది. "చిరుగు సేమ్. ప్యాచ్ సేమ్. పీచు ఇంకొంచెం బయటికుండాలి సార్" అంది.

"ఎన్ని పోగులో చెప్పమ్మా, లెక్కపెట్టి లాగుతాను."

అప్పుడొచ్చాడు మావాడు, మామూలు చొక్కాలో. ఆ సీను లేదని తనే అనుకుని, వెనక నిలబడే జనంలోకి పేరు రాయించుకున్నాడట. సీటు చూసి ఆగిపోయాడు.

"ఎందుకు చెప్పలేదురా?" అన్నాను. తిడదామనే మొదలుపెట్టాను.

"మూడు నెలలు తిరిగావు కదా బావా. ఆ రోజు నీ మొహం చూశాక చెప్పబుద్ధి కాలేదు. నాదేముంది, ఒక్క ముక్క."

"ఐదు మాటలు! వెళ్లి మీసం పెట్టించుకో" అని అరిచాను. సందులో అందరూ ఇటు తిరిగారు.

మొదటి టేక్‌లో నాటకంలోలా గట్టిగా అరిచేశాడు. రెండోసారి బండి మధ్యలోనే ఆగిపోయింది. అది నా తప్పే, కంగారులో పెట్రోలు చూసుకోలేదు. మూడోసారి బండి ఆపి, హీరో వైపు కాస్త వంగి, ఇంట్లో ఎప్పుడూ అనని తీరులో, మామూలుగా అన్నాడు. "ఎక్కు బాబూ, నేనూ అటే వెళ్తున్నా."

"ఓకే, నెక్స్ట్" అన్నాడు డైరెక్టర్. అంతే. చప్పట్లు కొట్టింది నేనొక్కణ్ణే.

మధ్యాహ్నం మీసం తియ్యకుండానే బండి తెచ్చి నా ముందు ఆపాడు. "ఎక్కు బావా, నేనూ అటే వెళ్తున్నా" అన్నాడు. కొత్త కవరు సంచి ఒళ్లో పెట్టుకుని వెనక ఎక్కాను. కొబ్బరి పీచు తొడకి గుచ్చుకుంటోంది. ఫిల్మ్ నగర్ మలుపు దగ్గర వాడు వెనక్కి తిరిగి, "రేపు ఆదివారం కొత్త కవరు వేయించేద్దామా?" అని అడిగాడు.

"మళ్లీ ఏదో ముక్క తియ్యాలని పిలిస్తే? సినిమా రిలీజయ్యేదాకా ఈ సీటు మీద ఎవడైనా చెయ్యి వేస్తే ఊరుకోను. నువ్వు ముందు చూసి నడుపు" అన్నాను.